ఎకరాల లెక్క చెప్పిండ్రు, మన్ను లెక్క ఎవరు చెప్తరు?



భూమి పంచినమని చెప్పే ప్రతి సర్కారు ఎకరాల లెక్క చెప్తది. ఇన్ని ఎకరాలు, ఇన్ని కుటుంబాలు, ఇన్ని పట్టాలు అని పేపర్లల్ల అచ్చేస్తది. ఆ ఎకరంలో ఉన్న మన్ను ఎటువంటిది, దాంట్లో వాన నీళ్లు ఇంకుతయా, నాగలి కర్రు దిగుతదా, పత్తి వేరు జానెడు పోతదా మూరెడు పోతదా అన్న లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు. దొర భూమీ ఎకరమే, మాదిగాయన లావుణి పట్టా భూమీ ఎకరమే. కాగితం మీద రెండూ ఒక్కటే. వాన పడ్డనాడు తెలుస్తది తేడా.

మేము ఈ వ్యాసంలో చెప్పదల్చుకున్నది ఇది. నేల గుల్లగ ఉండుడు, నీళ్లు తాగుడు, వేరుకు దారి ఇచ్చుడు దేవుడు రాసి పెట్టిన గుణం కాదు. కొంత ఆ నేల పుట్టుక, మిగిలినదంతా మనుషుల చాకిరి. తరతరాల చాకిరితో తయారైన మెత్తదనం పద్ధతి తప్పిన సేద్యంతో కొన్నేండ్లల్లనే పాడయితది. ఆ చాకిరి చేసినోళ్లు ఎక్కువగా మనవాళ్లు. ఆ నేలను ఎట్ల వాడాల్నో నిర్ణయం చేసేటోళ్లు మనవాళ్లు కారు. ఈ రెండు సంగతులు కలిపి చూస్తేనే భూమి సమస్య పూర్తిగా అర్థమయితది.

మన్ను లోపల ఏమున్నది?

మంచి చేనులో చేతెడు మన్ను తీసి చూడండి. రవ్వ రవ్వగ ఉంటది. నలిపితే విరుగుతది గాని పిండి కాదు. అట్లాంటి మన్నులో సుమారు సగమే మన్ను, మిగిలిన సగం ఖాళీ. పెద్ద సందుల్లో గాలి ఆడుతది, చిన్న సందుల్లో నీళ్లు నిలుస్తయి. వేరు ఆ సందుల్లోంచే దారి వెతుక్కుంటది. ఈ రవ్వలను కలిపి పట్టి ఉంచే జిగురు పెంట నుంచి, రాలిన ఆకు నుంచి, చచ్చిన వేర్ల నుంచి, మన్నులో బతికే కంటికి కానరాని జీవాల నుంచి వస్తది. ఎర్రలు మన్ను తిని విసర్జించి రవ్వలు చేస్తయి, బొరియలు తీసి నీళ్లకు తొవ్వ చేస్తయి. జిగురు తగ్గితే రవ్వ పగుల్తది. రవ్వ పగిలితే సందులు మూసుకపోతయి. అప్పుడు నేల గట్టిపడ్డది అంటం.

మన మంథని దిక్కు గోదావరి ఒడ్డున ఒండ్రు, నల్లరేగడి ఉన్నది. అడవి దిక్కు, గుట్టల దిక్కు పోతే చెల్క, దుబ్బ. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతది, ఎండితే నెర్రెలు బాస్తది. తడి మీద దాన్ని తొక్కితే ముద్ద అయితది, ఆ ముద్ద ఎండితే పారకు లొంగదు. చెల్కలో జిగురు మొదట్నుంచీ తక్కువ. పెద్ద చినుకుల వాన పడ్డదంటే పైమన్ను చెదిరి, మెత్తటి రజను సందుల్లో కూరుకపోయి, ఎండ కొట్టంగనే అట్టగడుతది. అట్ట కింద మొలక తల ఎత్తలేక వంకర తిరిగి చస్తది. మళ్ల విత్తాలె, మళ్ల విత్తనం కొనాలె. చినుకు ఆ అట్ట మీద పడి జారి ఒర్రెల కలుస్తది. వాన బాగనే పడ్డది గాని చేను ఎండిందని మనోళ్లు చెప్తే అధికారులు నమ్మరు. ఎందుకు నమ్మరంటే వాళ్ల రిజిస్టరుల ఎంత వాన పడ్డదో ఉంటది గాని ఎంత ఇంకిందో ఉండదు.

ఇంకొక ముచ్చట. మనది ఉష్ణదేశం. ఎండాకాలం రామగుండం, మంథని దిక్కు 45 డిగ్రీలు దాటుడు కొత్త కాదు. చలిదేశాల్లో ఆకు, పెంట నేలలో మెల్లగ కుళ్లి ఏండ్ల తరబడి నిలుస్తది. మన వేడికి తొందరగ కరిగిపోతది. అందుకే ఇక్కడ నేలకు ఏటేటా తిండి పెట్టాలె. ఒక్కసారి బాగు చేసి వదిలేస్తే నిలవదు.

నేల ఎట్ల గట్టిపడుతున్నది?

కరిగెట సంగతి చూద్దాం. వరి నాటుకు పొలంలో నీళ్లు నిలిపి, దున్ని, తొక్కి, మన్నును బురద చేస్తం. అంటే ఉన్న రవ్వలన్నీ కావాల్నని పగలగొడుతం. అడుగున జానెడు లోతు కాడ ఒక గట్టి పొర ఏర్పడుతది. నీళ్లు కిందికి దిగకుండ ఆ పొర ఆపుతది కాబట్టి వరికి అది మేలే. అదే పొలంలో తర్వాత మక్క, పెసర, పత్తి వేస్తే ఆ పొరే శత్రువు అయితది. పత్తి తల్లివేరు సూటిగ దిగాల్సింది పోయి పొర కాడికి పోయి పక్కకు మళ్లుతది. పీకి చూస్తే కొడవలి తీరు వంగి కనిపిస్తది. పది రోజులు వాన లేకుంటే ఆ చెట్టే ముందు వాడుతది. బంక నేల ఘనపు సెంటీమీటరుకు 1.4, 1.5 గ్రాముల బరువు దాటితే, ఇసుక పాలు ఎక్కువున్న నేల 1.7, 1.8 దాటితే వేరు దూరుడు కష్టమని నేల శాస్త్రం చెప్తది. అంటే మన్ను బరువు పెరిగిందంటే దాంట్లో ఖాళీ తగ్గిందని అర్థం.

ఇప్పుడు ఈ కరిగెట ఎంత విస్తీర్ణంలో నడుస్తున్నదో చూడండి. 2024 వానకాలంలో తెలంగాణలో వరి 66 లక్షల ఎకరాలు దాటింది. కాలువ కింద, బోరు కింద చెల్కలు సైతం వరి మడులైనయి. ఏడాదికి రెండుసార్లు, ఇనుప చక్రాల ట్రాక్టరుతోటి కరిగెట. ఆ మీద కోత మిషిను. జత ఎడ్లు ఎనిమిది, తొమ్మిది క్వింటాళ్లు ఉంటయేమో. ట్రాక్టరు రెండు టన్నులు, పెద్ద కోత మిషిను ఏడెనిమిది టన్నులు తూగుతది. పొడి నేల మీద నడిస్తే నష్టం తక్కువ. తడి నేల మీద నడిస్తే ఆ బరువు జానెడు, మూరెడు కిందికి దిగి మన్నును అదుముతది. పైన రోటవేటరు కొడితే పిండి తీరు కనిపిస్తది, కింద మాత్రం రాయి తీరు ఉంటది. కోత అయినంక కొయ్యకాళ్లకు అగ్గి పెడుతరు. నేలకు తిండి కావాల్సిన గడ్డి బూడిద అయితది.

అయితే ఇదంతా రైతు తెలివితక్కువతనం అని చెప్పేటోళ్లు ఉన్నరు. వాళ్లతోటి మాకు పేచీ ఇక్కడనే మొదలయితది. దున్నడానికి పదును అని ఒకటి ఉంటది. మన్ను ముద్ద కావద్దు, పెల్ల కావద్దు, ఆ మధ్య రెండు మూడు రోజులే పదును. మన తాతలు మన్ను పిడికిట పట్టి చూసి చెప్పేటోళ్లు. ఆ రెండు మూడు రోజులల్ల ట్రాక్టరు ముందు ఎవరి పొలం కాడికి పోతది? ట్రాక్టరు ఉన్నాయన సొంత భూమికి, తర్వాత ఆయన కులపోళ్లకు, ఆ తర్వాత నగదు చేతుల పెట్టినోళ్లకు. బాకీ మీద దున్నిపించుకునే మాలాయన, మాదిగాయన వంతు వచ్చేసరికి పదును పోతది. లేకుంటే వాన ముసురు పట్టినంక తడి మీదనే దున్నిపోతడు. కోత మిషిను గూడ అంతే. తెలిసి చేసే తప్పు కాదు అది, వరుసలో ఆఖరుకు నిలబెట్టినందుకు పడే శిక్ష.

మనకు ఏ మన్ను వచ్చింది?

మంథని శాసనసభ నియోజకవర్గం నుంచి 1957 నుంచి 1977 దాకా పి.వి. నరసింహారావు ప్రాతినిధ్యం వహించిండు. ఆయన ముఖ్యమంత్రిగ ఉన్న 1971-73 నడుమ భూసంస్కరణల మాట గట్టిగ వినిపించింది, 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. 1977లో అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర అప్పటి మన ఉమ్మడి జిల్లాలనే జరిగింది. చట్టం మీద ఒత్తిడి కూలోళ్లు, జీతగాళ్లు పెట్టిండ్రు. దాని ఫలితంగ కొంత భూమి చేతికి వచ్చింది.

వచ్చిన భూమి ఎటువంటిది? మేము తిరిగిన ఊళ్లల్ల చూసింది చెప్తున్నం. దొర మిగులు భూమి చూపియ్యాల్నంటే నీళ్ల కింది రేగడి చూపిస్తడా? గుట్ట వాలు, మొరం తేలిన చెల్క, ఒర్రె కోసిన దుబ్బ, జాలు పట్టిన మూల చూపించిండు. సర్కారు లావుణి పట్టా ఇచ్చిన బంజరు గూడ అదే రకం. పైమన్ను కొట్టుకపోయి ఎర్రటి మొరం మిగిలిన భూమికి ఎకరం అని పేరు పెట్టిండ్రు. తీరా నాలుగేండ్లు పంట పండకపోతే, భూమి ఇచ్చినా చేసుకోలేరు, వీళ్లు సోమరులు అన్న మాట మనకే.

అంబేద్కర్ 1918లో భారతదేశంలో చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాసిండు. కమతం పెద్దదా చిన్నదా అన్నది విస్తీర్ణం చూసి తేల్చద్దు, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు, శ్రమ ఏ పాళ్లల్ల ఉన్నయో చూడాలె అన్నది దాని సారాంశం. వంద ఏండ్లు దాటింది. 2014 ఆగస్టు 15న భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు అని తెలంగాణ సర్కారు పథకం మొదలుపెట్టింది. లక్షల కుటుంబాలు ఎదురుచూస్తే భూమి అందింది సుమారు ఏడు వేల కుటుంబాలకు, పదిహేడు వేల ఎకరాలు. తర్వాత ఆ పథకం మూలకు పడ్డది. దేశం మొత్తం మీద చూస్తే 2011 జనాభా లెక్కల్లో మనం 16.6 శాతం, 2015-16 వ్యవసాయ గణనలో మన చేతిలో ఉన్న సాగుభూమి తొమ్మిది శాతం లోపు. ఆ తొమ్మిదిలోనూ మంచి మన్ను ఎంత అన్న లెక్క ఏ గణనలోనూ లేదు.

ఏడాది కౌలు, పదేండ్ల మన్ను

సొంత భూమి లేనోళ్లం కౌలుకు పడుతం. నోటిమాట కౌలు, ఒక్క ఏడాది. ఉగాదికి పట్టాదారు మనసు మారితే భూమి ఇంకొకరికి పోతది. ఇప్పుడు ఆలోచించండి. పెంట తోలుడు, జీలుగ, జనుము వేసి దున్నుడు, చెరువు మట్టి పోసుడు, వాలుకు అడ్డంగ ఒడ్లు కట్టుడు - వీటి ఫలితం రెండో ఏడు, మూడో ఏడు నుంచి కనిపిస్తది. రవ్వ కట్టుడు నెమ్మదిగ జరిగే పని. ఏడాదికి ఒక చెయ్యి మారే భూమి మీద ఎవరు మట్టి పోస్తరు? మట్టి పోసి బాగు చేస్తే పట్టాదారు మరుసటి ఏడు కౌలు పెంచుతడు. బాగు చేసినోనికే జరిమానా. అందుకే కౌలుదారు యూరియా బస్తా మీద బతుకుతడు. అది ఆ పంటకే పనికొస్తది, కౌలు ఉన్నన్ని రోజులే పనికొస్తది.

2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం చేసిండ్రు. కార్డు ఇస్తే భూమి మీద హక్కు అడుగుతరని పట్టాదారులు భయపడ్డరు, అధికారులు చల్లబడ్డరు. 2018లో రైతుబంధు మొదలయినప్పుడు ఎకరానికి ఇచ్చిన పైసలు పట్టాదారుకే పోయినయి, దున్నినోనికి కాదు. నేలను కాపాడమని ఉపన్యాసం దున్నేటోనికి, పైసలు దున్ననోనికి. ఇది వ్యవసాయ విధానమా, పాత దేశ్‌ముఖ్‌ల పద్ధతా?

కార్డు మీద లేని సంగతి

2015 ఫిబ్రవరిలో కేంద్ర సర్కారు నేల ఆరోగ్య కార్డుల పథకం మొదలుపెట్టింది. మా చేతికి వచ్చిన కార్డులు ముందర పెట్టుకొని చదివినం. పన్నెండు పరీక్షలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. మంచిదే, కావాల్సినవే. కాని నేల ఎంత గట్టిపడ్డది, గంటకు ఎన్ని అంగుళాల నీళ్లు తాగుతది, గట్టి పొర ఎంత లోతున ఉన్నది అన్న ముచ్చట ఆ పన్నెండులో ఒక్కటీ లేదు. సేంద్రియ కర్బనం ఒక్కటే దానికి దగ్గరి చుట్టం. మిగిలిన వాటికి చాలా మటుకు దుకాణంల మందు దొరుకుతది. గట్టిపడ్డ నేలకు దుకాణంల డబ్బా లేదు, చాకిరి కావాలె, హక్కు కావాలె. దుకాణం అమ్మలేని రోగాన్ని కార్డు అడుగదు.

ఇంకొకటి. ఈ పథకం కింద నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, వానాధార భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా అని నిబంధన పెట్టిండ్రు. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. ఆ పాతికలో పటేలు రేగడి ఉండచ్చు, మన మొరం ఎకరం ఉండచ్చు. మన్ను తీసేది ఒక్క కాడ, ఫలితం రాసేది అందరి కార్డు మీద.

చెరువు మట్టి ఎవరి చేలోకి పోయింది?

తెలంగాణ చెల్కకు అసలు మందు చెరువు పూడిక. అది ఎక్కడినుంచో ఊడిపడ్డది కాదు, మన చేల మీంచి కొట్టుకపోయిన మెత్తటి పైమన్నే. చెల్కలో పోస్తే నీళ్లు పట్టే గుణం పెరుగుతది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలయింది. 46 వేలకు పైగ చెరువులు బాగు చేస్తమన్నరు. పూడిక తవ్వి ఎత్తుడు సర్కారు ఖర్చు, చేను దాక తోలుకొనుడు రైతు ఖర్చు అని పెట్టిండ్రు. వినడానికి సమానమే. ట్రాక్టరు ఉన్నాయన వందల ట్రిప్పులు తోలుకున్నడు. చెరువు పక్క భూమి ఆయనదే కాబట్టి దూరం గూడ తక్కువ. మన లావుణి భూమి గుట్ట కింద ఉన్నది, కిరాయి పెట్టేంత ఆస్తి లేదు. మన భూమి మీంచి కొట్టుకపోయిన మన్ను చెరువుల చేరి, చెరువు నుంచి దొర చేనుకు పోయింది. వాన కిందికి తెచ్చింది, పథకం పక్కకు మళ్లించింది.

గోదావరి ఒడ్డోళ్ల సంగతి వేరు. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమయింది. అన్నారం, సుందిళ్ల బ్యారేజీలు రెండూ మన దగ్గరనే. వెనుక నీళ్లు ఎక్కి పంట మునుగుతున్నదని ఒడ్డు రైతులు మొరపెట్టుకున్నరు. 2022 జూలై వరదకు మంథని పట్టణమే మునిగింది. చేలల్ల ఇసుక మేటలు వేసింది. నిలువ నీళ్లల్ల రోజుల తరబడి నానిన నేలలో గాలి ఆడదు, ఎర్రలు చస్తయి, రవ్వ కరిగి నేల ముద్ద అయితది. పంట నష్టానికి పరిహారం అడుగుతున్నం, అడగాలె. కాని పంట నష్టం ఒక ఏడాదిది, మన్ను నష్టం ఏండ్ల తరబడి ఉంటది. మేట తీసి మళ్ల సేద్యానికి తెచ్చే ఖర్చు వేరుగ లెక్క కట్టాలె. కౌలుదారు పేరు ఏ రికార్డులో లేదు కాబట్టి ఆయనకు రెండు నష్టాలూ సొంతమే.

పాతకాలం బంగారమేం కాదు

ఈ మాటలు వింటే కొందరు పెద్దకులం పెద్దమనుషులు సంబరపడి, చూసిండ్రా, పాత సేద్యమే మంచిది, ఆవు పేడ, ఎడ్ల నాగలి కాడికి తిరిగిపోదాం అంటరు. వాళ్లకు మా సమాధానం స్పష్టంగ చెప్తున్నం. పాతకాలం నేల మెత్తగ ఉన్నది నిజమే. అది మెత్తగ ఉన్నది మన నడుములు విరిగినందుకు. దొర పెంటకుప్పలు గంపల్ల నెత్తిన మోసింది మన అవ్వలు. చెరువు మట్టి ఎత్తింది వెట్టి మనుషులు. మోట బొక్కెనకు తోలు కుట్టింది మాదిగాయన. తూము కాడ, మత్తడి కాడ రాత్రంతా కావలి ఉన్న నీరటి చాలా ఊళ్లల్ల మనోడే. ఆ మెత్తదనం మీద పండిన గింజ గాదెల్ల పోసుకున్నది వాళ్లు. ఆ రోజులు మళ్ల రావద్దు. పెంట వెయ్యాలె గాని మన ఆడోళ్ల నెత్తిన గంప పెట్టద్దు. మిషిను కావాలె, అయితే పదును చూసి, తేలిక మిషిను, అందరికీ వరుస ప్రకారం దొరికే మిషిను కావాలె. నేల సేవ పేరు మీద మనల్ని మళ్ల దొడ్లోకి తోలే మాట ఎవరు చెప్పినా నమ్మద్దు.

చెయ్యచ్చని చేసి చూపించినోళ్లు

మొరం భూమి బాగుపడదు అనేటోళ్లకు జహీరాబాద్ చూపించాలె. అక్కడ పస్తాపూర్ కేంద్రంగ 1983 నుంచి పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత ఆడోళ్లే. పడావు పడ్డ చెల్కల్ని రాళ్లు ఏరి, ఒడ్లు కట్టి, పెంట వేసి, ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు కలిపి విత్తి సేద్యంలోకి తెచ్చిండ్రు. ఒక్కొక్క పంట వేరు ఒక్కొక్క లోతుకు పోతది, రాలిన ఆకు నేలను కప్పుతది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఈ పనికే వచ్చింది. అక్కడ ఆడోళ్లకు సంఘం అండ ఉన్నది, విత్తనం వాళ్ల చేతిలో ఉన్నది. ఇవి రెండూ యాది పెట్టుకోవాలె.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1976 నుంచి నల్లరేగడి మీద ఒక దీర్ఘకాల ప్రయోగం నడిపింది. ఒక పక్క వానకాలం పడావు పెట్టి యాసంగి పంట తీసే పాత పద్ధతి, ఇంకొక పక్క ఎత్తు మడులు, నడుమ కాలువలు, కంది వంటి పప్పుజాతి కలిపిన రెండు పంటల పద్ధతి. పాత పద్ధతిలో హెక్టారుకు టన్ను గింజ దగ్గర దగ్గర, కొత్త పద్ధతిలో ఐదు టన్నుల దాకా. పాత పద్ధతిలో ఏటా హెక్టారుకు ఆరు టన్నులకు పైగ మన్ను కొట్టుకపోతే, కొత్త పద్ధతిలో టన్నున్నర. అదే వాన, అదే నేల, తేడా అంతా పద్ధతిలోనే. యాభై ఏండ్ల కింద మొదలైన ఈ సంగతి మన వాడలకు ఇంకా చేరలేదు.

అమెరికాల నల్లజాతి సోదరుల కథ గూడ వినాలె. బానిసగ పుట్టిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ చదువుకొని శాస్త్రవేత్త అయి, 1896లో అలబామా రాష్ట్రం టస్కెగీ విద్యాసంస్థకు వచ్చిండు. చుట్టూ నల్లోళ్లు తెల్ల భూస్వాముల కింద పాలుకు చేస్తుండ్రు. పత్తి మీద పత్తి వేసి నేల పీల్చుకపోయింది. బొబ్బర్లు, పల్లికాయ వెయ్యండి, అడవి ఆకు, మడుగు మట్టి తెచ్చి పొయ్యండి, వీటికి పైసల పని లేదు అని చెప్పిండు. 1906లో గుర్రపు బండి మీద వ్యవసాయ బడి పెట్టి చేలకే పంపిండ్రు. అయితే పాలుదారు ఏం విత్తాల్నో నిర్ణయించేది భూస్వామే. భూస్వామికి పత్తే కావాలె. తెలివి ఉన్నా హక్కు లేనిచోట నేల పూర్తిగ బాగుపడదు అన్నది అక్కడి పాఠం. అది మనకూ పాఠమే.

మీ ఊళ్లె మీరే పరీక్ష చెయ్యండి

దీనికి లాబరేటరీ అవసరం లేదు. రెండు దిక్కుల కోసిన రేకు డబ్బా ఒకటి, ఇనుప చువ్వ ఒకటి, పార ఒకటి చాలు. డబ్బాను రెండు వేళ్ల లోతు నేలలో దిగగొట్టి చెంబెడు నీళ్లు పొయ్యండి. ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. వాన తర్వాత చువ్వను నేలలో గుచ్చండి. ఏ లోతు కాడ ఆగిందో గుర్తు పెట్టండి, అక్కడ గట్టి పొర ఉన్నట్టు. ఎండిన పెల్ల ఒకటి గ్లాసెడు నీళ్లల్ల వెయ్యండి. వెంటనే చెదిరి బురద అయితే జిగురు లేదు, నిలబడితే ఉన్నది. మూరెడు గుంత తీసి ఎర్రలు ఎన్ని ఉన్నయో లెక్కపెట్టండి. ఇవన్నీ రెండు కాడల చెయ్యాలె: ఒకటి లావుణి భూమిలో, ఇంకొకటి చెరువు కింద పెద్దరైతు భూమిలో. బడి పిల్లల్ని తోలుకపోండి, వాళ్లే రాస్తరు. ఆ కాగితం పట్టుకొని గ్రామసభకు పోదాం. అప్పుడు ఎకరం ఎకరం ఒక్కటే అని ఎవరంటరో చూద్దాం.

చేతనైన పని మనమూ మొదలుపెట్టాలె. కొయ్యకాళ్లు కాల్చకుండ దున్నుడు, తడి నేల మీద బండి ఎక్కనియ్యకుండుడు, తొలకరికి జనుమో జీలుగో విత్తి పూతకు ముందు కలియదున్నుడు, పత్తి నడుమ కంది సాళ్లు, వాలుకు అడ్డంగ దున్నుడు, పొర గట్టిపడ్డ కాడ ఎండాకాలం పొడి మీద లోతు దుక్కి. ఇవి పది మంది కలిస్తే తేలిక, ఒక్కనికి కష్టం. మన ముందు డిమాండ్లు మాత్రం ఇవి:

1. దళితులకు పంచే భూమి రకం, మన్ను లోతు, నీటి వసతి పట్టా మీద రాయాలె. సేద్యానికి పనికిరాని భూమిని లెక్కలోంచి తీసెయ్యాలె.

2. లావుణి, మిగులు భూములు బాగు చేసే ఖర్చు, చెరువు మట్టి తోలే కిరాయితో సహా, సర్కారు భరించాలె. ఉపాధి హామీ పనులల్ల ఈ భూములకు మొదటి వరుస ఇయ్యాలె.

3. కౌలు రాతపూర్వకంగ, కనీసం ఐదేండ్లకు ఉండాలె. పంట సాయం, పరిహారం దున్నేటోనికి అందాలె. భూమి బాగు చేసినందుకు కౌలు పెంచుడు ఆపాలె.

4. నేల పరీక్షలో నీళ్లు ఇంకే గుణం, గట్టిదనం చేర్చాలె. లావుణి భూములకు వేరుగ నమూనా తియ్యాలె.

5. దళిత మహిళా సంఘాల చేతిలో ట్రాక్టరు, పనిముట్ల కేంద్రాలు పెట్టాలె, పదును దాటకముందే మన చేను దున్నేటట్టు.

6. ముంపు పరిహారంలో మేట తీసే ఖర్చు, మన్ను బాగయ్యే ఏండ్లు వేరుగ లెక్క కట్టాలె.

భూమి కావాలె అన్న నినాదం మన తండ్రులు ఇచ్చిండ్రు. పండే భూమి కావాలె, దాన్ని పండించే హక్కు కావాలె అని ఇప్పుడు మనం అడగాలె. వచ్చే గ్రామసభకు ఊరికి ఒక డబ్బా, ఒక చువ్వ, ఒక నోటుబుక్కు తయారు పెట్టుకోండి.

జై భీమ్!